ఫౌజీ రీల్స్, యూనిఫాం ఫొటోలు, స్టేటస్‌లు: జవాన్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

లీవులో ఇంటికొచ్చిన తమ్ముళ్లు, అగ్నివీర్‌కి సెలెక్ట్ అయిన పిల్లల అమ్మానాన్నలు, కొత్తగా పెళ్లయి భర్త బోర్డర్లో ఉన్న అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగే డౌట్లు ఇవి. నేను ఆర్మీలో సర్వీస్ చేసి వచ్చినవాణ్ణి, అందుకే అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట పెడితే మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదని రాస్తున్నా. ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, రూల్స్ మారుతూ ఉంటాయి, ఆర్మీకి ఒకలా నేవీకి ఒకలా బీఎస్ఎఫ్‌కి ఒకలా ఉంటాయి, కాబట్టి మీ యూనిట్లో చదివి వినిపించిన లేటెస్ట్ ఆర్డరే ఫైనల్, నేను చెప్పింది కాదు.

అసలు జవాన్ ఫేస్‌బుక్, ఇన్‌స్టా వాడొచ్చా?

2020 జులైలో ఆర్మీ 89 యాప్‌ల లిస్ట్ ఇచ్చి ఫోన్లలోంచి తీసేయమంది. అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్, పబ్‌జీ అన్నీ ఉన్నాయి. చాలామంది దీన్నీ టిక్‌టాక్ బ్యాన్‌నీ కలిపేస్తారు గానీ అవి వేరు, టిక్‌టాక్‌తో పాటు 59 చైనా యాప్‌లని కేంద్రం దేశమంతటికీ బ్యాన్ చేసింది అదే ఏడాది జూన్ 29న. ఈ 89 యాప్‌ల ఆర్డర్ మాత్రం ఆర్మీవాళ్లకే. దీనిమీద ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు, ఫ్యామిలీ విదేశాల్లో ఉంది, వాళ్లతో టచ్‌లో ఉండేది ఫేస్‌బుక్ ద్వారానే అని. ఆగస్టులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది.

ఇక్కడ పిల్లలు అడిగేది ఏంటంటే, అన్నా మాకు మాట్లాడే హక్కు లేదా అని. ఉంది, కానీ సివిలియన్‌కి ఉన్నంత లేదు. రాజ్యాంగంలో ఆర్టికల్ 33 అని ఉంది, సైన్యంలో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కులకి పార్లమెంట్ హద్దు పెట్టొచ్చని చెప్తుంది. దాని కిందే 1950 ఆర్మీ యాక్ట్‌లో సెక్షన్ 21, తర్వాత 1954 ఆర్మీ రూల్స్ వచ్చాయి. పర్మిషన్ లేకుండా పేపర్‌కి ఇవ్వకూడదు, సర్వీసు విషయాలు పబ్లిష్ చేయకూడదు అని అప్పుడే ఉంది. ఫోన్లు వచ్చాక కొత్తగా పెట్టింది కాదు, పాత రూలే రీల్‌కి కూడా వర్తిస్తోంది.

రూల్ సరే, ఒక్క సెల్ఫీ పెడితే ఏం పోతుంది? అందులో సీక్రెట్ ఏముంది?

అందరూ అడిగేది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

మన ఊళ్లలో పాత ఉత్తరాలు ఉంటే తీసి అడ్రస్ చూడండి. జవాన్ పేరు, నంబర్, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీస్) అని ఉంటుంది, తూర్పు వైపు పోస్టింగ్ అయితే 99 ఏపీవో. ఊరు పేరు ఉండదు, జిల్లా ఉండదు, రాష్ట్రం కూడా ఉండదు. లేహ్‌లో ఉన్నా పఠాన్‌కోట్‌లో ఉన్నా అమ్మ రాసే అడ్రస్ ఒకటే. అంటే యూనిట్ ఎక్కడుందో పోస్ట్‌మ్యాన్‌కి కూడా తెలియకూడదని అంత జాగ్రత్తగా కట్టుకున్న వ్యవస్థ అది, ఇప్పటికీ నడుస్తోంది. అలాంటిది భుజం మీద యూనిట్ పేరు కనిపించేలా నిలబడి వెనకాల కిలోమీటర్ రాయి పడేలా ఇరవై సెకన్ల వీడియో పెడితే ఆ పనంతా వృథా.

అవతలివాడికి సీక్రెట్ ఫైల్ అక్కర్లేదు. ఒకడి ఫొటోలో యూనిట్ పేరు, ఇంకొకడి స్టేటస్‌లో "ఫైనల్లీ స్నో" అని, మూడోవాడి భార్య పెట్టిన "రెండేళ్లు ఇక హిల్ స్టేషనే" అన్న పోస్ట్, నాలుగోవాడి రీల్‌లో కొత్తగా వచ్చిన బండి, ఇవన్నీ గింజ గింజ ఏరుకున్నట్టు ఏరుకుంటే ఏ బెటాలియన్ ఎప్పుడు ఎక్కడికి మారిందో దొరికిపోతుంది. నలుగురిలో ఏ ఒక్కరూ తప్పు చేశామని అనుకోరు, అదే ప్రాబ్లం.

జరిగినవే చెప్తాను. 2007లో ఇరాక్‌లో అమెరికా బేస్‌కి కొత్త అపాచీ హెలికాప్టర్లు వచ్చాయి, సైనికులు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు, ఆ ఫొటోల్లో దాగి ఉన్న లొకేషన్ చూసి మోర్టార్లు కొట్టి నాలుగు హెలికాప్టర్లు నాశనం చేశారు. 2010లో ఇజ్రాయెల్ సైనికుడొకడు వెస్ట్ బ్యాంక్‌లో ఫలానా ఊరి మీద రెయిడ్‌కి వెళ్తున్నాం అని ఫేస్‌బుక్‌లో రాశాడు, ఆర్మీ ఆ రెయిడే క్యాన్సిల్ చేసుకుంది. 2014లో ఒక రష్యా సైనికుడి ఇన్‌స్టా సెల్ఫీల లొకేషన్ చూస్తే అతను ఉక్రెయిన్ లోపల ఉన్నట్టు బయటపడింది, తమ సైన్యం అక్కడ లేదని రష్యా చెప్తున్న టైంలో. ఇలాంటివి పెరిగి పెరిగి 2019లో రష్యా డ్యూటీలో స్మార్ట్‌ఫోనే వద్దని చట్టం చేసింది. అయినా 2023 కొత్త సంవత్సరం రాత్రి ఉక్రెయిన్‌లో రష్యా పట్టులో ఉన్న మకీవ్కాలో రష్యా సైనికులున్న బిల్డింగ్ మీద రాకెట్లు పడ్డాయి, చనిపోయింది రష్యా ఒప్పుకున్న లెక్కే 89 మంది, మొబైల్ ఫోన్లు వాడటం వల్లే లొకేషన్ దొరికిందని వాళ్ల రక్షణ శాఖే చెప్పింది.

ఇంకోటి, ఇది పోస్ట్ కూడా కాదు. స్ట్రావా అని రన్నింగ్ యాప్ ఉంది కదా, వాళ్లు అందరి రన్నింగ్ రూట్లు కలిపి ఒక మ్యాప్ పెట్టారు. 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా స్టూడెంట్ అది చూసి ఎడారిలో మిలిటరీ బేస్‌ల చుట్టూ గీతలు మెరుస్తున్నాయని పట్టుకున్నాడు. పొద్దున్నే పీటీకి పరిగెత్తిన పరుగే క్యాంప్ బౌండరీ గీసిచ్చింది. కాబట్టి తమ్ముళ్లూ, చేతికి ఉన్న స్మార్ట్ వాచ్ గురించి కూడా ఆలోచించండి.

లొకేషన్ ఆఫ్ చేసి పెడితే పర్లేదా?

సగం పర్లేదు. ఫొటో ఫైల్ లోపల లొకేషన్ దాగి ఉంటుంది, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, కానీ క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది, ఇది చాలామందికి తెలియదు.

మిగతా సగం ఫొటోలో కనిపించేది. నేమ్ ప్లేట్, భుజం మీద రెజిమెంట్ పేరు, ఫార్మేషన్ సైన్ (బ్రిగేడ్, డివిజన్ గుర్తు), వెహికల్ మీద నంబర్, గోడ మీద రాసిన నోటీసు, సంత్రీ (కాపలా) పోస్ట్, కొండ ఆకారం, సెల్ టవర్, షాపు బోర్డు మీద ఊరి పేరు. ముఖం మీద ఎమోజీ పెట్టి వెనకాల గేట్ బోర్డు వదిలేసిన ఫొటోలు నేను చూశాను.

వాట్సాప్ స్టేటస్ మనవాళ్లే కదా చూసేది?

మీ కాంటాక్ట్స్‌లో గ్యాస్ ఏజెన్సీ, పాత ఓనర్, టెన్త్ క్లాస్ గ్రూప్ వాళ్లు అందరూ ఉంటారు. వాళ్లలో ఒక్కరు స్క్రీన్‌షాట్ తీసి "మన ఊరి హీరో" అని ఊరి గ్రూపులో వేస్తే అక్కడ్నుంచి పేజీలకి వెళ్తుంది. ప్రేమతోనే వేస్తారు, కానీ ఆపడం మీ చేతిలో ఉండదు.

మా ఆయన లీవు అయిపోయి వెళ్తున్నాడు, స్టేషన్లో వీడియో తీసి పెట్టొచ్చా అన్నా?

తీసుకోమ్మా, దాచుకో. పెట్టడం మాత్రం ఆపు. కనీసం ఆయన చేరి చాలా రోజులయ్యేదాకా ఆపు, అప్పుడు కూడా ట్రైన్ పేరు, స్టేషన్ పేరు, తేదీ లేకుండా.

మామూలు రోజుల్లో ఒక్క జవాన్ వెళ్లడం పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ 2025 మేలో ఆపరేషన్ సిందూర్ టైంలో సెలవులు మధ్యలో ఆపి వెనక్కి వెళ్తున్న జవాన్ల వీడియోలు అన్ని రాష్ట్రాల నుంచీ వచ్చాయి, పారాణి ఆరని పెళ్లికూతుళ్లు స్టేషన్లో ఏడుస్తుంటే చూసినవాళ్లందరికీ కన్నీళ్లు వచ్చాయి, నాకూ వచ్చాయి. కానీ సైన్యం కదులుతున్నప్పుడు ఎవరు ఎటు కదులుతున్నారో చెప్పే ప్రతి వీడియో అవతలివాడికి ఫ్రీగా ఇచ్చిన ఇన్ఫర్మేషనే. ఆ ఏడాది ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ టీవీలకీ సోషల్ మీడియా వాడేవాళ్లకీ అడ్వైజరీ ఇచ్చింది, సైన్యం కదలికల్ని లైవ్ చూపించొద్దని, కార్గిల్, కాందహార్ హైజాక్, 26/11 గుర్తుచేస్తూ. ముంబైలో కమాండోల పని టీవీలో లైవ్ వస్తుంటే పాకిస్తాన్లో కూర్చున్నవాళ్లు అది చూసి లోపలున్న టెర్రరిస్టులకి ఫోన్లో చెప్పారు. ఆ రోజు టీవీ చేసింది ఇవాళ మన అందరి ఫోన్లూ చేయగలవు.

ఎయిర్‌ఫోర్స్ పైలట్ అభినందన్ గారి సంగతి కూడా గుర్తుంచుకోండి. 2019 ఫిబ్రవరిలో ఆయన పాకిస్తాన్ కస్టడీలో ఉన్నప్పుడు చేతిలో టీ కప్పు పట్టుకుని మాట్లాడిన వీడియో అందరం చూశాం. ఏ ఊరు అంటే సారీ మేజర్, అది చెప్పకూడదు, దక్షిణాది వాణ్ణి అని ఆపేశారు. ఏ విమానం నడిపారు అంటే చెప్పకూడదు అన్నారు. కళ్లు వాచి, దెబ్బలు తిని ఉన్న మనిషి అంత నిగ్రహంగా మాట్లాడుతుంటే ఇక్కడ మన టీవీలు, మన ఫోన్లు ఆయన ఊరు, తండ్రి పేరు, కుటుంబం వివరాలు అన్నీ దేశభక్తితో పంచేస్తున్నాయి. ఆయన నోరు తెరవకుండా కాపాడింది మనం బయట పెట్టేశాం. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఖైదీగా దొరికిన సైనికుణ్ణి జనం ముందు ప్రదర్శన చేయకూడదని 1949 జెనీవా ఒప్పందంలో ఉంది, మన ప్రభుత్వం కూడా ఆయన వీడియోల లింకులు 11 తీసేయమని యూట్యూబ్‌కి చెప్పింది.

తెలియని అమ్మాయి నుంచి రిక్వెస్ట్ వచ్చింది, ప్రొఫైల్ నిజమైనదిలానే ఉంది, ఏం చేయాలి?

యాక్సెప్ట్ చేయొద్దు, ఇంకేం లేదు. ఇది ఎక్కడో ఢిల్లీలో జరిగే కథ కాదు. 2019 డిసెంబర్లో మన ఏపీ ఇంటెలిజెన్స్ వాళ్లు ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పెట్టి ఇలాంటి ప్రొఫైల్స్‌కి చిక్కి పాకిస్తాన్‌కి సమాచారం ఇచ్చారని నేవీలో పనిచేస్తున్న ఏడుగుర్నీ, వాళ్లతో పాటు ఒక హవాలా ఆపరేటర్నీ పట్టుకున్నారు, తర్వాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది. విశాఖలో ఇది బయటపడ్డ రోజుల్లోనే నేవీ ఫేస్‌బుక్‌ని బ్యాన్ చేసి షిప్పుల్లో, బేస్‌ల్లో, డాక్‌యార్డుల్లో స్మార్ట్‌ఫోన్ వద్దంది. 2022లో హైదరాబాద్ బాలాపూర్లో డీఆర్డీవో ల్యాబ్‌లో కాంట్రాక్ట్ ఉద్యోగిని రాచకొండ పోలీసులు పట్టుకున్నారు, ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక మహిళా ప్రొఫైల్‌కి సమాచారం ఇచ్చాడని.

పద్ధతి దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట యూనిఫాం ఫొటోకి లైక్, తర్వాత మాకు ఆర్మీ అంటే చాలా రెస్పెక్ట్ అని మెసేజ్, తర్వాత భోంచేశావా, చలిగా ఉందా, అక్కడ నెట్ ఉంటుందా, ఎంతమంది ఉంటారు, పక్కన ఏ యూనిట్. ప్రతి ప్రశ్నా విడిగా చూస్తే మామూలే. తర్వాత వీడియో కాల్, దాన్ని రికార్డ్ చేసి బెదిరించడం, లేదంటే డబ్బు. ప్లస్ 91 నంబర్ అని నమ్మొద్దు, ఇక్కడి సిమ్ ఓటీపీ ఎవరో ఇస్తే పాకిస్తాన్లో కూర్చుని ఇండియా నంబర్‌తో వాట్సాప్ నడపొచ్చు. కొందరు పై ఆఫీసర్ లెక్క ఫోన్ చేసి కూడా అడుగుతారు.

ఇప్పటికే ఇరుక్కుంటే సిగ్గుపడి దాచకండి. మొదటి రోజే వెళ్లి మీ సీనియర్ జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్‌కి చెప్పండి. తిట్లు పడతాయి, అయినా దాచడం కంటే అదే చాలా నయం. దాచి రెండో ఫొటో పంపినవాడే జైలుకి వెళ్తాడు.

ఐడీ కార్డు, కాంటీన్ కార్డు ఫొటో పెడితే ఏంటి ప్రాబ్లం?

ఓఎల్ఎక్స్‌లో "ఆర్మీవాణ్ణి, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి తక్కువకి ఇచ్చేస్తున్నా" అనే మోసం హైదరాబాద్‌లో ఎంతమందికి తగిలిందో సైబర్ పోలీసుల్ని అడగండి. అద్దె ఇంటికి ఫోన్ చేసి ఆర్మీలో పేమెంట్ పద్ధతి వేరు, ముందు మీరు ఒక్క రూపాయి పంపండి, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అనేది కూడా వీళ్లే. నమ్మించడానికి వాట్సాప్‌లో పంపేది ఎవరో నిజమైన జవాన్ ఐడీ కార్డు, యూనిఫాం ఫొటో. ఆ జవాన్‌కి తన కార్డు తిరుగుతోందని కూడా తెలియదు, డబ్బు పోయినవాళ్లు మాత్రం అతని ముఖాన్నే తిట్టుకుంటారు. జనంలో ఫౌజీ మీదున్న నమ్మకాన్నే అమ్ముకునే మోసం ఇది.

తిండి బాలేదు, సెలవు ఇవ్వట్లేదు, వీడియో పెడితే న్యాయం జరుగుతుంది కదా?

2017 జనవరిలో బీఎస్ఎఫ్ కానిస్టేబుల్ తేజ్ బహదూర్ యాదవ్ మాడిపోయిన రొట్టె, నీళ్లలాంటి పప్పు చూపించి వీడియో పెట్టాడు. దేశమంతా చూసింది, పార్లమెంట్‌లో, టీవీల్లో, అన్నిచోట్లా చర్చ అయింది, ఏప్రిల్‌కల్లా అతని ఉద్యోగం పోయింది. ఆ జనవరిలోనే ఆర్మీలో ఒక జవాన్ సహాయక్ పద్ధతి (ఆఫీసర్లకి సాయంగా జవాన్లని పెట్టడం) మీద వీడియో పెట్టాడు. అప్పటి చీఫ్ జనరల్ రావత్ సోషల్ మీడియాకి ఎక్కొద్దు, కంప్లైంట్ బాక్సులు పెడుతున్నాం, అందులో వేయండి అన్నారు.

నా అభిప్రాయం దాచుకోను. వీడియో పెట్టేదాకా వెళ్లినవాడు చాలావరకు అంతకుముందు ఎవరూ వినక వెళ్లినవాడే. కాబట్టి వినడం యూనిట్ బాధ్యత, సెలవు అప్లికేషన్ మీద కారణం చెప్పకుండా నో అని రాసేముందు ఆలోచించాల్సింది పైవాళ్లే. కానీ జవాన్ వైపు నుంచి చూస్తే వీడియో వల్ల కష్టం తీరిందో లేదో గానీ ఉద్యోగం, పెన్షన్ మాత్రం పోయే ప్రమాదం ఖాయం.

దారులు ఉన్నాయి. సెక్షన్ కమాండర్, జేసీవో సాబ్, కంపెనీ కమాండర్ దగ్గర ఇంటర్వ్యూ, సైనిక్ సమ్మేళన్‌లో (కమాండర్ జవాన్లందరితో మాట్లాడే మీటింగ్) నిలబడి అడగడం. అక్కడా కాకపోతే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 26 కింద రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టే హక్కు ఆఫీసర్లు కాని ప్రతి ఒక్కరికీ ఉంది. దాని తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. ఇవి నెమ్మదిగా నడుస్తాయి, నిజమే, కానీ కాగితం మీద ఉన్న కంప్లైంట్‌ని ఎవరూ లేదనలేరు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ వాళ్లకి చట్టాలు వేరు, అవి హోం శాఖ కింద ఉంటాయి, ఈ ట్రిబ్యునల్ వాళ్లకి వర్తించదు.

మరి మా జీవితం జనానికి ఎలా తెలుస్తుంది? అంతా దాచేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఈ ప్రశ్న నాకు ఇష్టం, ఎందుకంటే అడిగేవాడికి తన పని మీద గౌరవం ఉంది. దాచమని నేను అనట్లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్తున్న ఊరు. ఆ ఊరి పేరు రీల్స్ వల్ల రాలేదు.

ఇప్పటి రీల్స్ చూస్తే ఫౌజీ అంటే గన్ను, మంచు, గాగుల్స్, వెనకాల మాస్ పాట. నిజం అది కాదు కదా. ఫౌజీ అంటే తెల్లవారకముందే పీటీ, రాత్రి రెండు గంటలకి సంత్రీ డ్యూటీకి లేవడం, గంట సేపు బూట్ పాలిష్, లంగర్‌లో రొట్టెలు తిని తిని పెరుగన్నం కోసం ప్రాణం లాగడం, హిందీ రాక మొదటి ఆరు నెలలు ఏమీ అర్థంకాక నవ్వుతూ నిలబడటం, పంజాబీ పక్కవాడు తన దుప్పటి ఇవ్వడం, పండగకి ఫోన్ కలిస్తే అమ్మ ఏడుస్తుందని తొందరగా పెట్టేయడం. ఇవి చెప్పండి. లీవులో మీ స్కూలుకి వెళ్లి పిల్లలకి నోటితో చెప్పండి, రిటైర్ అయ్యాక రాయండి. వీటిలో ఎక్కడా లొకేషన్ లేదు, ఆయుధం పేరు లేదు, మనిషి ఉన్నాడు.

కసమ్ పరేడ్ (ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేసే పరేడ్) రోజు ఫొటోల గురించి అడుగుతుంటారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కో సికింద్రాబాద్ ఈఎంఈకో వచ్చిన అమ్మానాన్నలకి ఆ రోజు గౌరవ్ పతకం మెడలో వేస్తారు, పొలం పనులు చేసుకునే నాన్న ఆ పతకం సర్దుకుంటూ కొడుకు పక్కన నిలబడతాడు చూడండి, అంతకంటే మంచి ఫొటో ఉండదు. అక్కడ తీయనిచ్చిన చోట తీసుకోండి, నంబర్, వెళ్లబోయే యూనిట్ పేరు మాత్రం రాయకండి. ఇక ఫోర్స్ గురించి జనానికి చెప్పే పని ఆర్మీ సొంత పేజీలు చేస్తున్నాయి, ఏడీజీపీఐ అని వెతికితే దొరుకుతాయి, షేర్ చేయాలనిపిస్తే వాటినే చేయండి.

రిటైర్ అయ్యాక యూట్యూబ్ ఛానల్ పెట్టొచ్చా?

పెట్టండి. రన్నింగ్, రిటెన్ టెస్ట్, మెడికల్ గురించి చెప్తే మన పిల్లలకి బ్రోకర్ల బెడద తగ్గుతుంది. కానీ 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్‌కి రిటైర్మెంట్ లేదు. పాత పోస్ట్ ఎక్కడ, ఎంతమంది ఉండేవాళ్లం లాంటివి వద్దు.

ఆర్మీలో లేని కుర్రాళ్లు యూనిఫాం వేసుకుని రీల్స్ చేస్తున్నారు, తప్పు కాదా?

తప్పే. సైనికుణ్ణని నమ్మించడానికి ఆ డ్రెస్ వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 168 కింద మూడు నెలల దాకా జైలు పడొచ్చు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద దాడికి వచ్చిన టెర్రరిస్టులు వేసుకున్నది ఆర్మీ డ్రెస్సే. అందుకే 2022 ఆర్మీ డే నాడు చూపించిన కొత్త కాంబాట్ ప్యాటర్న్‌ని రిజిస్టర్ చేయించారు, బయట కుట్టి అమ్మకూడదని. అభిమానం ఉన్న తమ్ముడికి నేను చెప్పేది ఒకటే, ఆ డ్రెస్ కోసం ఒకడు నెలల తరబడి ట్రైనింగ్‌లో నలిగాడు, నువ్వు కూడా రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లి సంపాదించుకో.

జవాన్ చనిపోయాడని వార్త వస్తే వెంటనే షేర్ చేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ రావత్ హెలికాప్టర్ కూలింది మధ్యాహ్నం. అధికారికంగా చెప్పింది సాయంత్రం. ఈలోపు ఫోన్లలో ఎవరికి తోచిన పేర్లు వాళ్లు తిప్పారు. ఆ హెలికాప్టర్లో అప్పటి మన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు, అతన్ని గుర్తించడానికి డీఎన్ఏ టెస్ట్ చేయాల్సి వచ్చింది, రోజులు పట్టింది. ఆ రోజులన్నీ ఇంట్లోవాళ్లు ఎలా గడిపారో ఆలోచించండి, ఫార్వర్డ్ నొక్కే వేలు ఆగుతుంది.

2025 మే 9న ఎల్‌వోసీలో గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్ వీరమరణం పొందాడు. నివాళి పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ తల్లి స్పృహ తప్పి పడిపోయిన వీడియోకి మ్యూజిక్ కలిపి పెట్టేది నివాళి కాదు, భార్య ముఖం జూమ్ చేసేది నివాళి కాదు. ఫ్లెక్సీల విషయం కూడా ఇక్కడే చెప్తా, అమరుడి ఫొటో కంటే లీడర్ల ఫొటోలు పెద్దగా ఉన్న ఫ్లెక్సీ చూస్తే కడుపు రగులుతుంది. ఎన్నికల ప్రచారంలో సైనికుల ఫొటోలు వాడొద్దని ఎలక్షన్ కమిషన్ 2013లోనే చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ చెప్పింది.

ఇప్పటికే చాలా పెట్టేశాం, ఇప్పుడేం చేయాలి?

కంగారు పడొద్దు, ఒక సాయంత్రం కూర్చుని చేయండి. మొదట భార్య, అమ్మానాన్న, తమ్ముళ్లు, బావమరుదుల అకౌంట్లు కూడా లిస్ట్ రాసుకోండి, జవాన్ అకౌంట్ ఒక్కటే కాదు. ప్రొఫైల్ ఫొటో, కవర్ ఫొటో, బయోలో ఉన్న రెజిమెంట్ పేరు, పాత చెక్-ఇన్‌లు, హైలైట్స్, ట్యాగ్ అయిన ఫొటోలు తీసేయండి. ఫ్రెండ్స్ లిస్ట్‌లో ముఖం తెలియనివాళ్లని తీసేయండి. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్, ఫిట్‌నెస్ యాప్‌లలో షేరింగ్ ఆపండి. ఊరి పేజీవాళ్లు పెట్టింది ఉంటే ఫోన్ చేసి తీసేయమని అడగండి, కారణం చెప్తే చాలామంది వెంటనే తీసేస్తారు. యూనిట్ వివరాలు బాగా బయటికి వెళ్లాయనిపిస్తే యూనిట్‌కి చెప్పండి. ఐడీ కార్డు ఎక్కడైనా తిరుగుతోందని తెలిస్తే సైబర్ క్రైం హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, రేపు మీ పేరు మీద మోసం జరిగితే ఆ నంబర్ పనికొస్తుంది.